ట్రైటన్ ఫ్లాపీల్లో ఉండిపోయిన 23 పాటలను ఆడియోగా మార్చుకున్న నా అనుభవం

నిన్న రాత్రి 21వ పాట కూడా వేవ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి చేరింది. 2002 నుంచి 2006 వరకు కోర్గ్ ట్రైటన్ అనే కీబోర్డు వర్క్‌స్టేషన్ మీద నేను కూర్చిన 23 పాటలు ఇన్నేళ్లుగా 11 ఫ్లాపీల్లో పడి ఉన్నాయి. వాటిలో తొమ్మిది పాటల్లో మా అక్క గొంతు ఉంది. ఆమె మూడు స్థాయిల్లో పలికిన ‘ఆ’ను శాంపిల్ చేసి, అంటే చిన్న ముక్కలుగా ట్రైటన్‌లోకి రికార్డు చేసి, దాన్ని ఒక టోన్‌గా మలిచి, కోరస్ మొత్తం దానితోనే వాయించాను. ఆ పాటలు తన ఫోనులో వినాలని ఉందని అక్క అడిగినప్పుడు, ఒక్క సాయంత్రం పని అనుకుని సరేనన్నాను. ఆరు వారాలు పట్టింది. పడ్డ పాట్లు మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

ఫ్లాపీలను చదవడం నేను భయపడినంత కష్టం కాలేదు. ట్రైటన్ తన 3.5 అంగుళాల ఫ్లాపీలను ఎంఎస్-డాస్ పద్ధతిలోనే ఫార్మాట్ చేస్తుంది కాబట్టి, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో పెట్టగానే పదకొండింటిలో పది తెరుచుకున్నాయి. డ్రైవ్‌లో పెట్టేముందు ఫ్లాపీ మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రం తెరిచి ఉంచండి. అప్పుడు దాని మీద పొరపాటున ఏదీ రాయబడదు. ఎన్సోనిక్ ఈపీఎస్ వంటి వాయిద్యాల ఫ్లాపీలు సొంత పద్ధతిలో ఉంటాయి, మామూలు యూఎస్‌బీ డ్రైవ్ వాటిని చదవలేదు, కాబట్టి ఆ వాయిద్యాలు ఉన్నవారికి నా మాట వర్తించదు.

ఆ తరువాత, ట్రైటన్ తన పాటను దాచే ఎస్ఎన్‌జీ ఫైలును నేరుగా ఎంపీత్రీగానో, వాయిద్యాలూ కంప్యూటర్లూ రెండూ చదవగలిగే మిడి ఫైలుగానో మారుస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్ల వెంట పడి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. ఒకటి ఫైలు పేరు చివరి మూడక్షరాలను మాత్రమే మిడి ఫైలువిగా మార్చి, పని పూర్తయిందని చూపించింది. మిడి ఫైలు ఏదైనా ‘ఎంటీహెచ్‌డీ’ అనే నాలుగు అక్షరాలతో మొదలవ్వాలి. అది ఇచ్చిన ఫైలును, లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే ఆ అక్షరాలు ఎక్కడా లేవు. మరొకటి ముందుగా డబ్బు కట్టించుకుని, ఆ తరువాత ఈ రకం ఫైలు తనకు తెలియదంది. మీ సొంత ఫైలులో ఒక్క నిమిషమైనా వినిపించకుండా డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ ఒక్క పైసా కూడా కట్టకండి. మనిషి జ్ఞాపకాల మీద ఆశపెట్టి చేసే ఆ వ్యాపారాన్ని నేను క్షమించలేను.

చివరకు ట్రైటన్‌లోనే దారి దొరికింది. దాని డిస్క్ మోడ్‌లో పాటను స్టాండర్డ్ మిడి ఫైలుగా దాచుకునే వీలుంది. అక్క గొంతు లేని ఒక పాటను అలా దాచి, తిరిగి ట్రైటన్‌లోనే వేసి విన్నాను. అచ్చం అలాగే పలికింది. ఇక పని అయిపోయిందని నమ్మి, 23 పాటలనూ మిడి ఫైళ్లుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అక్కను వెంటబెట్టుకుని ఒక రికార్డింగ్ స్టూడియోకు వెళ్లాను.

అక్కడ జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. గదిలో రికార్డిస్టుతో పాటు ఇద్దరు వాద్యకారులు, ఒక గాయని ఉన్నారు. అక్క గొంతు ఉన్న పాటనే ముందుగా పెట్టమని నేనే అడిగాను. ఆయన తన కంప్యూటర్‌లో ఫైలు తెరిచి ప్లే నొక్కారు. మొదట వినిపించవలసినది రిథమ్. దానికి బదులు హార్మోనియం లాంటి ఒక రీడ్ ఆర్గాన్ అడుగు స్థాయిలో మూలుగుతూ, అవే మూడు స్వరాలను పట్టుకుని పదేపదే కుదుపుతూ వాయించడం మొదలుపెట్టింది. ఎనిమిదో బార్ దగ్గర అక్క ‘ఆ’ రావాలి. అక్కడ ట్రంపెట్ వచ్చింది. కోరస్‌కు నేను ఎంతో ఓపికగా కుదిర్చిన జారుడు స్వరాలన్నీ ఆ ట్రంపెట్ మీద వికారంగా వంకరలు పోయాయి. వాద్యకారులిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. “ఇదేనా సార్ మీరు ఇన్నేళ్లు దాచుకున్నది?” అన్నాడు రికార్డిస్టు. అక్క మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, మెల్లగా, “ఇందులో నా గొంతు ఏదిరా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆయన కూడా కారణం చెప్పలేదు. “ఇలాంటివి ఆడియో కావు, మళ్లీ మొదటినుంచి వాయించుకోండి” అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. తెలిసిన పనిని తెలియనివాడికి రెండు వాక్యాల్లో చెప్పడానికి ఆయనకు ఒక్క నిమిషం చాలేది. చెప్పకుండా నవ్వి పంపినందుకే నా కోపం.

ఆయన చెప్పని ఆ రెండు వాక్యాలను ఇంటికి వచ్చి, పాత మాన్యువల్ తిరగేస్తూ నాకు నేనే తేల్చుకున్నాను. పాట ఫైలులో శబ్దం ఉండదు. ఏ క్షణాన ఏ మీట నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏ నంబరు టోన్‌తో పలికించాలి అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. ట్రైటన్‌లో 56 అన్న నంబరులో నేను అక్క గొంతును పెట్టుకున్నాను. సున్నా నుంచి లెక్కపెడితే, ఏ నంబరుకు ఏ వాయిద్యమో చెప్పే, 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో అదే నంబరు ట్రంపెట్‌ది. నా డ్రమ్ టోన్ 20వ నంబరులో, 1వ చానెల్ మీద ఉంది. జనరల్ మిడి 10వ చానెల్‌ను మాత్రమే డ్రమ్స్‌గా పలికిస్తుంది, మిగతా చానెళ్లలో 20 అంటే దానికి రీడ్ ఆర్గాన్. కాబట్టి డ్రమ్స్‌లో కిక్ కోసం రాసిన మీట నంబరు 36, స్నేర్ కోసం రాసిన 38, హై-హ్యాట్ కోసం రాసిన 42 ఆర్గాన్ మీద మూడు స్వరాలై మూలిగాయి. కంప్యూటర్ తప్పేమీ చేయలేదు, నేను రాసిచ్చిన నంబర్లనే తనకు తెలిసిన అర్థంలో చదివింది.

కొలత చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో నాలుగు నిమిషాల పాటకు 42 మెగాబైట్లకు పైగా కావాలి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు దాదాపు 29 ఉంటే గాని ఆ ఒక్క పాట పట్టదు. నా ఫ్లాపీల్లో కొన్నిటిలో ఒక్కొక్క దానిలోనే ఐదారు పాటలు ఉన్నాయంటే, వాటిలో ఉన్నది శబ్దం కాదని ఆనాడే నాకు తోచి ఉండాలి.

అంటే మార్చడం అన్న మాటే ఇక్కడ సరికాదు. ఆ పాటకు తెలిసిన వాయిద్యాన్నే మళ్లీ పలికించి, పలికినంతసేపూ రికార్డు చేసుకోవాలి. ట్రైటన్‌లోనే రీశాంపిల్ చేద్దామని, అంటే పలికే పాటను దాని మెమరీలోకే రికార్డు చేద్దామని చూశాను గాని, నా వాయిద్యంలో శాంపిళ్లకు ఉన్న 16 మెగాబైట్ల జాగాలో 48 కిలోహెర్ట్జ్ స్టీరియో ఒక నిమిషం 27 సెకన్లకు మించి పట్టదు. కాబట్టి బయట రికార్డు చేయక తప్పలేదు.

కానీ అక్క గొంతు ట్రైటన్‌లోనూ పలకలేదు. ఎస్ఎన్‌జీ ఫైలు వేసి ప్లే నొక్కితే రిథమ్ బాగానే వచ్చింది, ఎనిమిదో బార్ దగ్గర మాత్రం ఏదో ఎలక్ట్రిక్ పియానో వినిపించింది. పాట వాడుకునే టోన్లు పీసీజీ అనే వేరే ఫైలులో ఉంటాయి. 56వ నంబరులోని అక్క టోన్ మీద నేనే ఎప్పుడో తరువాతి సంవత్సరాల్లో ఇంకొకటి రాసేశాను. పాటను లోడ్ చేసేటప్పుడు తెర మీద పీసీజీని కూడా వేయాలా, శాంపిళ్లను తెచ్చే కేఎస్‌సీని కూడా వేయాలా అని రెండు చిన్న గళ్లు కనిపిస్తాయి. వాటిలో టిక్ పెట్టినా లాభం లేకపోయింది, ఎందుకంటే అవి పాట పేరుతోనే ఉన్న ఫైళ్లను వెతుకుతాయి, నేనేమో జాగా చాలక ఒక్కొక్కటి ఒక్కో ఫ్లాపీలో ఒక్కో పేరుతో దాచాను. ఫ్లాపీల మీద అప్పట్లో పెన్సిల్‌తో రాసుకున్న చీటీలను భూతద్దం పెట్టి చదివి, వాటిలో ‘అక్క టోన్లు, చెరపవద్దు’ అని ఉన్నదాన్ని పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది.

ముందు ఇప్పటి టోన్లన్నీ వేరే ఫ్లాపీలో దాచి, ఆ పీసీజీని లోడ్ చేశాను. పీసీజీ వేస్తే లోపల ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఈ జాగ్రత్త మరవకండి. ఈసారి ఎనిమిదో బార్ దగ్గర ఏమీ వినిపించలేదు. పూర్తి నిశ్శబ్దం. నిజానికి ఆ నిశ్శబ్దమే మంచి సూచన అని నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది: టోన్ సరైనదే, అది పలికించవలసిన శాంపిల్ మాత్రం లోపల లేదు. కరెంటు ఆపగానే ట్రైటన్ మెమరీలోని శాంపిళ్లు పోతాయి, ప్రతిసారీ కేఎస్‌సీ ఫైలుతో మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. నాలుగో ఫ్లాపీలో అది దొరికింది. లోడ్ చేసి, కళ్లు మూసుకుని ప్లే నొక్కాను. ఎనిమిదో బార్‌లో అక్క పలికింది, ‘ఆ’ మొదట్లో ఆమె ఊపిరి తీసుకున్న చిన్న చప్పుడుతో సహా. ఆ చప్పుడును కత్తిరించకుండా ఉంచింది నేనే, అందుకు ఇప్పటికీ గర్వంగా ఉంది.

రికార్డింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎడమ, కుడి అవుట్‌పుట్‌ల నుంచి రెండు కేబుళ్లను ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపి, పాట ఎంత గట్టిగా మోగినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టుకున్నాను. మొదట గుయ్‌మని హమ్ వచ్చింది. వాయిద్యాన్నీ కంప్యూటర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు మార్చగానే పోయింది. పాట ఆగిన తరువాత కూడా ఐదారు సెకన్లు రికార్డింగ్ నడవనివ్వండి, లేకపోతే చివర మిగిలే ప్రతిధ్వని, అంటే రివర్బ్ తోక, తెగిపోతుంది. ట్రైటన్ ఒకేసారి 62 స్వరాలను మాత్రమే పలికించగలదు, శబ్దాన్ని పుట్టించే ఆసిలేటర్లను రెండేసి వాడే టోన్లయితే అందులో సగమే. నిండుగా ఉన్న మూడు పాటల్లో ప్యాడ్స్ (వెనుక సాగే స్వరాలు) మధ్యలో తెగిపోతుంటే, ట్రాకులను రెండు జట్లుగా విడదీసి వేర్వేరుగా పలికించి రికార్డు చేసి, కంప్యూటర్‌లో కలిపాను. ఒక పాట నుంచి ఇంకొక పాటకు వెళ్లేముందు ప్రతిసారీ వాయిద్యం ఆపి, మళ్లీ వేశాను. పాత శాంపిళ్లు కొత్త పాటలో కలవకుండా ఉండడానికి నాకు తెలిసిన నమ్మకమైన మార్గం అదే. అసలు ప్రతులను వేవ్ ఫైళ్లుగానే ఉంచి, అక్క ఫోనుకు మాత్రం ఎంపీత్రీలు చేసి పంపాను.

పాత వాయిద్యం అమ్మేసి సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని సలహా ఇచ్చిన మిత్రులు చాలామంది ఉన్నారు. పాటలన్నీ ఆడియోగా చేరేవరకు అమ్మవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎస్ఎన్‌జీ, పీసీజీ, కేఎస్‌సీ ఫైళ్లు మూడూ చేతిలో ఉన్నా, వాటిని చదివే వాయిద్యం లేకపోతే నాకు ఆ స్టూడియోలో వినిపించిన ట్రంపెటే మీకూ మిగులుతుంది.

ఇంకా రెండు పాటలు మిగిలాయి. వాటికి కావలసిన, అక్క పాడిన వేరే శాంపిళ్లు ఉన్నది చదవలేకపోయిన ఆ 11వ ఫ్లాపీలోనే. డ్రైవ్ మార్చి చూశాను, ఫ్లాపీ తలుపు జరిపి లోపలి డిస్కును పరిశీలించాను, దాని మీద సన్నటి వలయంలా గీత పడి ఉంది. ఆదేశాలన్నీ ఎస్ఎన్‌జీ ఫైలులో భద్రంగానే ఉన్నాయి, గొంతు ఒక్కటే లేదు. ఆ సంగతి నిన్న రాత్రి అక్కకు ఫోనులో చెప్పాను. ఆదివారం వస్తానంది. “ఆ పై స్వరం ఇప్పుడు అందదురా, ఒక మెట్టు దించి తీసుకో” అంది.