సెలైన్ క్లిప్పుకు పేటెంటు: "ఇందులో కొత్తేముంది?" అన్నవారితో నా అనుభవం

గత వారం పేటెంటు మంజూరైంది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నాది సెలైన్ సీసా అయిపోవస్తుండగా గొట్టాన్ని మూసేసే చిన్న పరికరం. కరెంటు అక్కర్లేదు, సీసా బరువు తగ్గడమే దాన్ని నడుపుతుంది.

దరఖాస్తు తేలికే. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు రుసుము 1,600 రూపాయలు. మన రెండు రాష్ట్రాలవీ చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. చికిత్సా పద్ధతికి పేటెంటు ఉండదని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఐ) కింద ఒక క్లెయిము (ఇది నాది అని హక్కు కోరే అంశం) తీసేయమన్నారు, తీసేశాం.

అసలు తంటా సెక్షన్ 2(1)(జేఏ)తో వచ్చింది. ఆ పని తెలిసినవారికి ఇట్టే తట్టే విషయానికి పేటెంటు ఇవ్వరు. పరీక్షా నివేదికలో రెండు పాత పత్రాలు చూపారు. ఒకదానిలో సీసాను స్ప్రింగుకు వేలాడదీసి గంట మోగిస్తారు. రెండోది గొట్టాన్ని నొక్కే క్లిప్పు. రెండూ కలిపితే నాదేనట! నా తరఫున దరఖాస్తు నడిపే పేటెంటు ఏజెంటు జవాబు నిండా కోర్టు తీర్పులు పేర్చాడు, పరికరం ఊసే లేదు.

వీడియో విచారణలో అధికారి, "ఇది సైకిల్ షాపు కుర్రాడైనా చేస్తాడు కదండీ" అన్నారు. ఏజెంటు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"సరే, కలిపి చూద్దాం సార్" అన్నాను. సీసా ఖాళీ అవుతున్నకొద్దీ స్ప్రింగు మెల్లగా పైకి లేస్తుంది. దానికి క్లిప్పు కడితే సీసా సగంలో ఉండగానే గొట్టం నలుగుతుంది, నర్సు సరిచేసిన చుక్కల లెక్క తప్పుతుంది. పైగా స్ప్రింగు ముడుచుకునేకొద్దీ బలం తగ్గుతుంది. గొట్టం పూర్తిగా మూయడానికి బలం కావలసింది ఆ చివర్లోనే. అందుకే నా స్ప్రింగు గొట్టాన్ని తాకదు. ముందే బిగించిపెట్టిన మీటను వదులుతుంది, అంతే. లైటు స్విచ్చులా ఆ మీట చివరిదాకా కదలదు, కదిలితే ఒక్క దెబ్బకు మూస్తుంది. కెమెరా ముందే సీసా వేలాడదీశాను. చుక్కలు ఒకే వేగంతో పడుతూ పడుతూ, టక్కుమని ఆగాయి. అధికారి మళ్లీ చూపించమన్నారు.

జవాబు చూశాక ఏ లెక్కయినా సులువే. అంత సులువైతే ఆ రెండు పత్రాలూ చదివినవారు ఇన్నాళ్లూ ఏం చేసినట్టు?

విచారణ తర్వాత రాతపూర్వక వాదనకు 15 రోజులే గడువు. మొదటి క్లెయిములో ఆ మీటను చేర్చి, వాదన నేనే రాశాను. మీ మీదికి తెచ్చిన పాత పత్రాలు మీరే చదవండి. వీలైతే కలిపి తయారుచేసి, ఎక్కడ చెడుతుందో ఫోటోలతో పెట్టండి. బొమ్మ గీసి చెప్పలేని ఏజెంటు దగ్గరికి వెళ్లకండి.

మా ఏజెంటు నిన్న "విచారణలో వాదించినందుకు" బిల్లు పంపాడు. ఇంకా కట్టలేదు.