రెండు నిమిషాలకోసారి ఒక కూత

మా పాప నోట స్పష్టంగా వచ్చిన మొదటి తెలుగు వాక్యం "నేనిక్కడున్నా". అది నేను నేర్పింది కాదు. విశాఖలో వన్‌టౌన్ ఇంట్లో కూర్చుని మా నాన్న నేర్పారు, అదీ అట్లాంటిక్ సముద్రం మధ్యలో ఉన్న పిల్లకి.

మొన్న మే నెలలో మేం ఇంగ్లండు నుంచి న్యూజెర్సీకి మకాం మార్చాం. పాపకి అప్పటికి ఇరవై నెలలు. అంతకు ముందు విశాఖ నుంచి తిరిగెళ్తున్నప్పుడు విమానంలో చెవి నొప్పికి అది ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. అందుకే ఈసారి ఓడలో వెళ్దామని పట్టుబట్టాను. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2లో ఏడు రాత్రుల ప్రయాణం. 2004 నుంచి తిరుగుతున్న ఓడ అది, పొడవు 345 మీటర్లు. ఊళ్లు తిప్పి చూపించడానికి కట్టిన క్రూజ్ ఓడ కాదు, మహాసముద్రాన్ని దాటించడానికి కట్టిన లైనర్. నాన్నకి ఫోన్ చేసి చెప్తే టికెట్ ధర అడగలేదు. "డ్రాఫ్ట్ ఎంతమ్మా దానిది?" అన్నారు, అంటే ఓడ నీళ్లలో మునిగి ఉండే లోతు. ముప్పై ఏళ్లు పోర్టులో, పెద్ద ఓడల్ని లాగే టగ్గుల మీద ఇంజిన్ డ్రైవరుగా పనిచేసిన మనిషి. పది మీటర్ల పైనే అని చూసి చెప్తే, "బాగుంది, కుదురుగా పోతాది" అన్నారు.

ఇప్పుడు విశాఖ వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలందరూ ఓడ సంగతులే అడుగుతున్నారు. చంటిపిల్లలున్న వాళ్లకి నేను చెప్పేది ఇది. అట్లాంటిక్ దాటే ప్రయాణానికి ఏడాది నిండిన పిల్లల్నే ఎక్కించుకుంటారు. డైపర్లు, పాలపొడి మొత్తం ప్రయాణానికి సరిపడా మనమే పట్టుకెళ్లాలి, నడిసముద్రంలో కొట్టుండదు కదా. డైపర్ వేసుకునే పిల్లల్ని ఈతకొలనులోకి దిగనివ్వరు. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. పిల్లకి తొట్టి కావాలని ముందే చెప్పి ఉంచాలి. ఓడ కదిలే ముందు లైఫ్ జాకెట్ల డ్రిల్లు ఉంటుంది, పసిపిల్లల సైజు జాకెట్టు అడిగి తీసుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చింది గడియారం. ఇంగ్లండుకీ న్యూయార్క్‌కీ ఐదు గంటల తేడా. పడమటికి వెళ్తుంటే ఐదు రాత్రులు, రాత్రికో గంట చొప్పున గడియారం వెనక్కి తిప్పుతారు. అంటే ఆ రోజులకి ఇరవై ఐదేసి గంటలు. దిగేసరికి పాప నిద్ర దానంతటదే అక్కడి టైముకి వచ్చేసింది. ఆ అదనపు గంటలన్నీ నేను పిల్లతోనే గడిపాను. ఇంగ్లండులో ఉద్యోగం, డే కేర్ మధ్య రోజుకి రెండు గంటలు కూడా దానితో తీరిగ్గా కూర్చుని ఎరగను.

రెండేళ్లలోపు పిల్లలకి ఓడలో నర్సరీ ఉంది. రెండో రోజు పాపని అక్కడ దింపి వచ్చిన పావుగంటకి పిలుపొచ్చింది. వెళ్లేసరికి చేతులు రెండూ పైకి చాచి "ఎత్తుకో, ఎత్తుకో" అని వెక్కివెక్కి ఏడుస్తోంది. అక్కడి అమ్మాయి పాపం బొమ్మలు చూపిస్తోంది, నీళ్లు పడుతోంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. మా పిల్ల ఏ మాటతో ఏం అడుగుతుందో నేనే చెప్పి వెళ్లాల్సింది. ఆ సాయంత్రం ఒక చీటీ మీద ఐదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థాలు రాసి ఇచ్చాను. బువ్వ, పాలు, బజ్జో, ఎత్తుకో, అయిపోయింది. మర్నాడు నేను ఇంకా తలుపు దాటకముందే వెనక నుంచి వినిపించింది, "ఎట్టుకో?" అని. పాప ఎగిరి ఆ అమ్మాయి చంకెక్కింది.

ఆ పూట గదికి వచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. డే కేర్‌లో ఇబ్బంది పడుతుందని, రెండు భాషలైతే మాటలు ఆలస్యమవుతాయని తెలిసినవాళ్లు చెప్పగా విని, ఆర్నెల్లుగా నేను పిల్లతో ఇంట్లో కూడా ఇంగ్లీషు ముక్కలే మాట్లాడుతున్నాను. ఐదు మాటలు రాసిస్తే ముక్కూమొహం తెలియని అమ్మాయి ఒక్క రాత్రిలో నేర్చుకుంది. ఆ మాటలే పిల్ల చేత మాన్పించాలని నేను ఎందుకు చూశానో నాకే అర్థం కాలేదు.

తిండి దగ్గర కూడా అంతే. మొదటి రెండు రోజులూ చెంచాతో బంగాళాదుంప ముద్ద పెడితే ఉమ్మేసింది. మూడో రోజు, గోవా నుంచి వచ్చిన ఒక వెయిటరు అడక్కుండానే వేడి అన్నం, కప్పుడు పెరుగు తెచ్చి పెట్టాడు. తెల్లటి బల్లగుడ్డ, మెరిసే ఫోర్కులు, చుట్టూ సూట్లు వేసుకున్న పెద్దవాళ్లు. ఒక్క క్షణం ఆగాను. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి, వేలి కొసల మీద చిన్న ముద్ద చేసి నోటికి అందించాను. నోరు తెరిచింది. ఇంకోటి అడిగింది. కప్పు ఖాళీ అయ్యాక నా అరచెయ్యి పట్టుకుని నాకింది.

ఐదో రోజు పొద్దున్న లేచేసరికి కిటికీ అవతల ఏమీ లేదు. తెల్లగా పొగమంచు. న్యూఫౌండ్లాండ్ దగ్గర వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్, చల్లటి లాబ్రడార్ ప్రవాహం కలిసే చోట ఇలా కమ్ముతుందట. ఇంతలో హారన్ మోగింది. ఆ ఓడ కూతల్లో ఒకటి 1930ల నాటి పాత క్వీన్ మేరీ ఓడ నుంచి తెచ్చి పెట్టిందని చదివి ఉన్నాను కానీ, దాని ధాటి ఇలా ఉంటుందనుకోలేదు. పక్కటెముకల్లో తెలిసింది. పాప నా మెడ చుట్టూ చేతులు బిగించేసింది. ఊరడించేలోపు మళ్లీ మోగింది. మళ్లీ. ఇంటర్నెట్ అందుతోంది కాబట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. విశాఖలో అప్పటికి సాయంత్రమవుతోంది.

ఇంజిను రూముల్లో గడిపిన ఏళ్లకి మా నాన్న చెవులు చాలా వరకు పోయాయి. చెవి మెషీను ఉంది, పెట్టుకోరు. నేను అరిచి చెప్తుండగానే హారన్ మోగింది. ఆయన మొహం వెలిగిపోయింది. "వినిపించిందమ్మా! నాకు వినిపించింది!" అన్నారు. తర్వాత పాపని దగ్గరికి రమ్మని, ఫోన్‌కి నోరు ఆనించినంత పని చేసి చెప్పారు. "బుల్లీ, అది బూచి కాదు. మంచులో ఓడకి కళ్లు కనపడవు. ఇంకో ఓడొచ్చి గుద్దేత్తాదని, నేనిక్కడున్నా, నేనిక్కడున్నా అని చెప్తంది. రెండు నిమిషాలకోసారి పొడుగ్గా ఒక కూత కుయ్యాల. అది రూలు. మళ్లీ కూత్తాది చూడు, మనమూ అందాం."

ముగ్గురం ఎదురుచూశాం. మోగింది. ఆయన "నేనిక్కడున్నా..." అని సాగదీశారు. నాలుగోసారికి పాప కూడా కలిసింది. మధ్యాహ్నం మంచు విడేదాకా, ఫోన్ పెట్టేశాక కూడా, ప్రతి కూతకీ కిటికీకి మొహం ఆనించి జవాబు చెప్పింది.

ఈ డిసెంబరులో పాపని తీసుకుని ఇంటికొచ్చాను. ఒక రాత్రి కరెంటు పోయి మేడ మీద కూర్చున్నప్పుడు, నాన్న వాళ్ల తాతగారి సంగతి చెప్పారు. ఆయన రంగం వెళ్లిన మనిషి. మన వైపు రంగూన్‌ని అలాగే అనేవాళ్లు. 1930 ప్రాంతంలో వెళ్లారు. మన హార్బరు లోపలికి మొట్టమొదట వచ్చిన ఓడ జలదుర్గ, అది 1933 అక్టోబరులో. అంతకు ముందు ఓడలు దూరంగా లంగరేసేవి, ఒడ్డు నుంచి పడవల మీద వెళ్లి ఎక్కేవారు. డెక్ మీదే పడక, డెక్ మీదే వంట. అక్కడ రైసు మిల్లులో పని. ఇంటి దగ్గర ఏడాదిన్నర కొడుకు, అంటే మా తాతయ్య. మనియార్డర్లు వచ్చేవి. మాట వచ్చేది కాదు. 1942లో జపాన్ సేనలు బర్మా మీదికి వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి వచ్చిన వేలమందిలో ఆయన ఒకరు. గుమ్మంలో నిలబడితే, పద్నాలుగేళ్ల కొడుకు బయటికి వచ్చి "ఎవరు కావాలండీ?" అని అడిగాడట.

(కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు ఉంది చూడండి, అది తర్వాత 1960ల్లో వచ్చేసిన వాళ్లది. చిన్నప్పుడు దాని ముందు నుంచి వందసార్లు వెళ్లి ఉంటాను. ఆ పేరెందుకొచ్చిందని ఒక్కసారీ అడగలేదు.)

నాన్న ఆ మాట చెప్పి ఊరుకున్నారు. ఆయన ఒళ్లో పాప నిద్రపోయింది. నేను లోపలికెళ్లి ఫోన్‌లో న్యూజెర్సీ టైముకి రోజూ ఒక అలారం పెట్టాను. పొద్దున్న ఎనిమిది. ఇక్కడ సాయంత్రం. రోజూ పాపకి వాళ్ల తాతయ్యతో పది నిమిషాలు. పిల్లకి జ్వరమున్నా, నాకు మీటింగున్నా.

నిన్న సాయంత్రం వాళ్లిద్దర్నీ తీసుకుని రాస్ హిల్ ఎక్కాను. మేరీమాత చర్చి ముందు నిలబడితే కింద ఓడలు హార్బరులోకి వచ్చే ఛానెల్ మొత్తం కనిపిస్తుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. పక్క కొండ మీద దర్గాలో దీపాలు పెట్టారు, ఆ పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడిలో గంట మోగుతోంది. ఒక పెద్ద ఓడ మెల్లగా లోపలికి వస్తోంది, ముందొక టగ్గు, వెనకొక టగ్గు. నాన్న పిట్టగోడ పట్టుకుని ఆ టగ్గుల్నే చూస్తున్నారు. మెషీను ఇంట్లో వదిలేశారు.

ఓడ చిన్నగా ఒక కూత కూసింది. నాన్నకి వినపడలేదు. పాప ఆయన పంచె పట్టుకుని గుంజింది. "తాతా, తాతా, ఓడ!"

నాన్న వంగి చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నారు. "ఏటందమ్మా ఓడ?"

పాప రెండు చేతులూ ఆయన చెవి చుట్టూ దొప్పలా పెట్టి, గట్టిగా చెప్పింది.