మినాక్సిడిల్ రాస్తే దురదా? ముందు ప్రొపిలీన్ గ్లైకాల్‌ని అనుమానించండి

జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ లోషన్ మొదలుపెట్టాక మాడంతా దురద పెట్టి పొట్టు రాలుతుంటే, మందు పడలేదని చాలామంది మానేస్తారు. చాలాసార్లు దోషం మందుది కాదు, దాన్ని కరిగించిన ద్రవానిది. మినాక్సిడిల్ నీళ్లలో సరిగ్గా కరగదు. అందుకే 5 శాతం లోషన్లలో మామూలుగా సగం దాకా ప్రొపిలీన్ గ్లైకాలే, 30 శాతం ఆల్కహాల్. ఫోమ్‌లో సాధారణంగా ఈ గ్లైకాల్ ఉండదు. డాక్టర్ని అడిగి ఫోమ్‌కి మారండి. దురద తగ్గితే సంగతి తేలిపోయినట్టే.

ఇదే గ్లైకాల్ మాయిశ్చరైజర్‌లో 2 నుంచి 5 శాతం ఉంటే చాలామందికి ఏమీ కాదు. తేమను పట్టి ఉంచుతుంది, మిగతా పదార్థాలు చర్మంలోకి దిగడానికి దారి ఇస్తుంది. ఎగ్జిమా ఉన్నచోట, పగిలిన చర్మం మీద ఆ గుణమే మంట పెడుతుంది. పైన ప్లాస్టరో డైపరో మూసి ఉంటే మరీనూ. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2018కి దీన్నే ‘అలర్జెన్ ఆఫ్ ది ఇయర్’గా ఎంచింది. అంటే విషమని కాదు, తెగని దద్దుర్ల కేసుల్లో దీన్ని మరిచిపోవద్దని.

ప్రొపిలీన్ గ్లైకాల్ అంటే కార్లలో నీళ్లు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ అంటూ వాట్సాప్‌లో తిరిగేది సగం నిజం. కిడ్నీలను దెబ్బతీసేది ఎథిలీన్ గ్లైకాల్, అది ఒంట్లో ఆక్సాలిక్ ఆమ్లంగా మారుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ మారేది లాక్టిక్ ఆమ్లంగా. అసలు భయపడాల్సింది అందులో ఎథిలీన్ గ్లైకాల్, దాని లాంటి విషమే అయిన డైఎథిలీన్ గ్లైకాల్ కల్తీకి. అందుకే ఇంట్లో లోషన్ చేసేవాళ్లు కెమికల్ షాపులో లేబుల్ లేని డబ్బా కొనకూడదు. ఫార్మా గ్రేడ్ తీసుకుని, ఎథిలీన్, డైఎథిలీన్ గ్లైకాల్ ఒక్కోటీ 0.1 శాతం దాటలేదని ఆ బ్యాచ్ సర్టిఫికెట్‌లో చూడాలి.

ఇంట్లో దీని అసలు ఉపయోగం ప్రిజర్వేటివ్ కరిగించడం. లోషన్‌కి బూజు పట్టకుండా వేసే మిథైల్ పారాబెన్ పొడి 100 మిల్లీలీటర్ల నీళ్లలో పావు గ్రాము కరగడమే గగనం, ఇందులో 20 గ్రాముల దాకా కరుగుతుంది. 10 గ్రాముల పొడిలో గ్లైకాల్ పోసి మొత్తం 100 మిల్లీలీటర్లు చేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి తేటపడేదాకా కలపండి. 100 గ్రాముల లోషన్‌కి ఇందులో 2 మిల్లీలీటర్లు వేస్తే పారాబెన్ 0.2 శాతం అవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కలుపుతూ సన్నటి ధారగా పోయాలి. చన్నీళ్లలో గుమ్మరిస్తే తెల్లటి సూదుల్లాంటి పలుకులు అడుగున చేరతాయి. ప్రిజర్వేటివ్ అంతా అడుగునే ఉండిపోతే పైన బూజు పడుతుంది. నూనె కలపకముందే గమనిస్తే నీళ్లను 70 డిగ్రీలకు వేడి చేసి మళ్లీ కలిపితే చాలు.

కొత్త క్రీమ్ పడుతుందో లేదో చూడాలంటే మోచేతి మడతలో ఒకే చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయండి. ఒక్కపూట పరీక్షతో అలర్జీ బయటపడదు. లేబుల్ మీద ప్రొపిలీన్ గ్లైకాల్ పేరు మొదటి రెండు మూడు పదార్థాల్లో కనిపిస్తే మోతాదు పెద్దదే. డియోడరెంట్ స్టిక్కుల్లో చాలావాటికి అదే వరస.