ఉల్లిపాయలు తరిగాక కళ్లెందుకు ఎర్రబడ్డాయి?

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలకు నేను సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ బండి ఒకేచోట ఆగుతుంది: ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ (‘హావ్ లెర్న్డ్’ లాంటి రూపం), ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కూ (‘హావ్ బీన్ లెర్నింగ్’ లాంటి రూపం) ఉన్న తేడా దగ్గర.

మొన్న ఒక అమ్మాయి ఇంటర్వ్యూలో చెప్పడానికి ‘ఐ హావ్ బీన్ లెర్నింగ్ జావా’ అని రాసుకొచ్చింది. “కోర్సు ఇంకా నడుస్తోందా అమ్మా?” అని అడిగితే, “లేదు సార్, పోయిన నెలే అయిపోయింది, వాక్యం కాస్త పొడుగ్గా ఉంటే బాగుంటుందని అలా రాశాను” అంది. ఆ పొడుగే ఆమెకు చేటు, ఎందుకంటే ఆ మాట విన్నవారు చదువు ఇంకా సాగుతూనే ఉందనుకుంటారు. ‘ఐ హావ్ లెర్న్డ్ జావా’ అంటే విద్య చేతికొచ్చినట్టు.

బోర్డు మీద నేను వేసే ఉదాహరణ వంటింటిది. ఎర్రబడిన కళ్లు చూసి ఏమైందని ఎవరైనా అడిగితే ‘ఐ హావ్ బీన్ కటింగ్ ఆనియన్స్’ అంటాము; తరగడం పూర్తయిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, కన్నీళ్లకు కారణం ఆ పని. బిర్యానీకి ముక్కలు సిద్ధమని అమ్మ ముందు గిన్నె పెట్టినప్పుడు మాత్రం ‘ఐ హావ్ కట్ ది ఆనియన్స్’. ఎన్ని తరిగామో లెక్క చెప్పినా ఇదే రూపం. ఎంతసేపటి నుంచి తరుగుతున్నామో చెప్పాలంటే మొదటిది.

అసలు చిక్కు మన ‘నుంచి’తో వస్తుందని నా అభిప్రాయం. హైదరాబాద్ మెట్రో 2017 నుంచి నడుస్తోంది అనడానికి తెలుగులో వర్తమానం చాలు కనుక, పిల్లలు ‘ఈజ్ రన్నింగ్ సిన్స్ 2017’ అనేస్తారు. ‘హాజ్ బీన్ రన్నింగ్’ అనాలి. పైగా ‘2017 నుంచి’, ‘రెండేళ్ల నుంచి’ అని రెండింటికీ మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిదానికి సిన్స్, రెండోదానికి ఫర్.

‘నో’ (తెలిసి ఉండటం) లాంటి, కంటిన్యువస్ రూపంలో వాడని క్రియల విషయంలో మాత్రం తెలుగే ఆదుకుంటుంది. ‘పదేళ్లుగా తెలుసు’ అంటామే తప్ప ‘తెలుస్తున్నాడు’ అనము కదా, అందుకే ‘ఐ హావ్ నోన్ హిమ్’ అనగానే వారికి పట్టుబడుతుంది. ‘లివ్’, ‘వర్క్’ క్రియలకు రెండు రూపాలూ దాదాపు సమానమే.

ఒకే క్రియతో తేడా చూపమంటే చార్మినార్ దగ్గరికి తీసుకెళ్తాను. ఆ కట్టడం 1591 నుంచి ‘హాజ్ స్టుడ్’. దాని కింద స్నేహితుడి కోసం అరగంటగా ఎదురుచూసే కుర్రాడు ‘హాజ్ బీన్ స్టాండింగ్’.