బాలు గారి పాటల గ్రూపు

2020 సెప్టెంబర్ 25న బాలు గారు వెళ్ళిపోయారని తెలిశాక మా వాట్సాప్ గ్రూపులో ఎవరికీ మాట రాలేదు. తెల్లారేదాకా ఒకరి తర్వాత ఒకరం ఆయన పాటలే పెట్టుకుంటూ కూర్చున్నాం. ముఖాలు చూసుకోని మనుషులం, ఆ రాత్రే ఒకరికొకరం దగ్గరయ్యాం.

మొన్న అమ్మకి ఆపరేషన్. రాత్రి రెండింటికి ఆసుపత్రి వరండాలోంచి "భయంగా ఉంది" అని గ్రూపులో ఒక్క ముక్క రాశాను. దోహాలో నైట్ డ్యూటీలో ఉన్న అన్నయ్య వెంటనే ఫోన్ చేసి, నా ఏడుపు ఆగేదాకా లైన్లోనే ఉన్నాడు. పొద్దున్నే రాజమండ్రి అక్క ఇక్కడున్న వాళ్ళ తమ్ముడి చేత ఇడ్లీల క్యారేజీ పంపింది. రక్తం ఇవ్వడానికి ఇద్దరొచ్చారు. (అందులో ఒకాయన ఘంటసాల గారి అభిమాని, నాతో రోజూ వాదించే మనిషి. గేటు దగ్గర చూడగానే కళ్ళు తడిశాయి.)

ఇవాళ అమ్మ లేచి కూర్చుంది. బాలు పాట ఒకటి పెట్టమంది. గ్రూపులో అడిగాను. ఏ పాట పెట్టాలో ఇంకా తేలలేదు.