హరికథకి సన్న స్పీకర్లు

పోయిన శ్రీరామనవమికి మా వీధి కల్యాణ మండపంలో హరికథ పెట్టించారు, సౌండ్ నాది. రెండు వందల కుర్చీలు పట్టే హాలు, పైన రేకులు, చుట్టూ టైల్స్ గోడలు. ఖాళీ హాల్లో ఒక్క చప్పట్టు కొడితే అది అణగడానికి దాదాపు రెండు సెకన్లు పట్టింది. అంతకుముందు ఏడాది ఇక్కడే పదిహేను అంగుళాల బాక్సులు రెండు స్టాండ్ల మీద పెట్టాను. ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు, వెనక వాళ్ళేమో "చప్పుడు వస్తోంది గానీ మాట తెలియట్లేదు" అన్నారు. వాల్యూమ్ పెంచితే మైకు కూత, తగ్గిస్తే వెనక ఏమీ వినపడదు. హరిదాసు గారి కష్టమంతా రేకుల పాలైందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి కాలమ్ లైన్ అర్రే సెట్టు అద్దెకు తెచ్చాను. కింద పన్నెండు అంగుళాల సబ్ (బేస్ కోసం పెట్టే స్పీకరు), దాని మీద మీటరు పొడుగు సన్నటి పెట్టె, అందులో ఒకదాని మీద ఒకటి బుల్లి స్పీకర్లు. పెద్ద గ్రౌండ్లలో అరటిగెలల్లా వేలాడదీసే లైన్ అర్రేల సూత్రమే ఇది. ఆ పద్ధతి 1990లలో ఫ్రాన్స్ కంపెనీ ఎల్-అకౌస్టిక్స్ తెచ్చిన వీ-డాస్క్ స్పీకర్లతో ఊపందుకుంది, 2003లో వచ్చిన బోస్ కంపెనీ ఎల్1 సెట్టుతో చిన్న స్టేజీల మీదకీ చేరింది. మన గుళ్ళలో గోడకి బిగించే కాలమ్ స్పీకర్లు కూడా దీనికి దగ్గరి చుట్టాలే.

మామూలు బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ (శబ్దం జోరు కొలత) తగ్గుతుంది, పొడుగాటి స్పీకర్ల వరసకైతే దగ్గర్లో 3 మాత్రమే. ముందు వరస 2 మీటర్లలో, ఆఖరి వరస 16 మీటర్లలో ఉందనుకోండి, లెక్క ప్రకారం తేడా 18కి బదులు 9. మీటరు పెట్టెతో అంత లాభం రాదు, ఎందుకంటే శబ్ద తరంగం పెట్టె కంటే పొడుగైతే ఈ పట్టు ఉండదు, అంటే సుమారు 340 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే కొలత, తక్కువైతే బేస్) కింద శబ్దం అన్ని వైపులకీ పాకుతుంది. కానీ క, త, స లాంటి హల్లుల స్పష్టత అంతా దానికి బాగా పైన, వెయ్యి దాటాక ఉంటుంది. అక్కడ శబ్దం పైకీ కిందకీ చెదరకుండా నేరుగా మనుషుల మీదకి వెళ్తుంది, రేకులకి పెద్దగా తగలదు. నాకు కావలసింది అదే.

మొదట నేల మీద పెట్టాను, ఫోటోల కోసం నలుగురు అడ్డం నిలబడగానే వెనక వరసలకి మాట మొద్దుబారిపోయింది. వెంటనే మూడడుగుల స్టేజీ అంచుకి, హరిదాసు గారి కంటే ముందుకి జరిపి, సబ్‌కీ పెట్టెకీ మధ్యలో ఉండే పొడిగింపు రాడ్డు తీసేశాను. అది ఉంటే పెట్టె మరీ ఎత్తుకు పోయి, శబ్దం కూర్చున్నవాళ్ళ తలల మీదుగా వెళ్ళిపోతుంది. గొంతు మైకులో 100 హెర్ట్జ్ కింద కోసేశాను, మృదంగం ఎడమ వైపు మైకులో బేస్ కొంచెం తగ్గించాను. ఆఖరి వరసలో కూర్చుని విన్నాను, చిడతల మధ్య పద్యం ఒక్కో అక్షరం విడివిడిగా వినిపించింది.

ఊరేగింపుకీ, ఆరుబయట డీజేకీ మాత్రం ఇవి అడగకండి, ఆ బేస్ వీటి వల్ల కాదు. అక్కడ పెద్ద సబ్ స్పీకర్లే దించాలి.