ఉదయగిరి దుర్గంలో ఖైదీల లెక్క

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరి, ఎండెక్కకముందే దుర్గం ఎక్కడం మొదలుపెట్టాను. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన్ని దారి అడిగితే, "పైన గోడలు తప్ప ఏముండాయన్నా? ఈ దావనే పో, ఆ కంప దాటినాక ఎడంపక్కకి తిరుగు" అన్నాడు.

నిట్టనిలువు కొండ అంచుమీదే గోడ లేపారు. కొన్నిచోట్ల కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే ఏడాదిన్నర లొంగలేదంటారు. సగం దూరానికే నా మోకాళ్ళు ఆ మాట నమ్మాయి. రాయలు బండలు పగలగొట్టించి దారి వెడల్పు చేయించాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. 1514లో కోట పడింది. గజపతికి దగ్గరి బంధువైన తిరుమల రాహుత్తరాయడు పట్టుబడ్డాడు.

నీడలో కూర్చుని నీళ్ళు తాగుతూ ఆ పట్టుబడ్డవాళ్ళ గురించే ఆలోచించాను. మరుసటేడు కొండవీడు పడ్డాక వేయించిన శాసనాల్లో గజపతి కొడుకు వీరభద్రుడితోపాటు పాత్రసామంతుల, అంటే కొలువులోని పెద్దల, పేర్లు వరసగా ఉన్నాయి. వాళ్ళను 'జీవగ్రాహంగా', అంటే ప్రాణాలతోనే, పట్టుకుని అభయదానం ఇచ్చాడట రాయలు. బంట్ల పేర్లు లేవు. పేరుంటేనే అభయం!

ఇది మన రాజుల గుణమే అనుకోనక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధంలో 1862 జూలైలో ఖైదీల మార్పిడికి రెండు పక్షాలూ ధరల పట్టీ లాంటిదే రాసుకున్నాయి: ఒక కెప్టెన్‌కి ఆరుగురు సిపాయిలు, కర్నల్‌కి పదిహేను మంది, సేనాధిపతికి అరవై మంది. దక్షిణాది పక్షం రాజధాని రిచ్‌మండ్‌లో, పట్టుబడ్డ ఉత్తరాది ఆఫీసర్లను లిబ్బీ గోదాములో పెట్టారు, సిపాయిలను నది మధ్యలో బెల్ దీవిలో గుడారాల్లో. గోదాము కూడా నరకమే. 1864 ఫిబ్రవరిలో నేల కింద సొరంగం తవ్వి 109 మంది ఆఫీసర్లు బయటపడ్డారు. అయినా నెత్తిన కప్పు ఉండటం, చలికాలంలో చిన్న విషయం కాదు.

వీరభద్రుడికి రాయలు కన్నడసీమలో ఒక సీమనే పాలించమని ఇచ్చాడు. 1516 నాటి శాసనం ఉంది. నూనిజ్ మాత్రం వేరే కథ చెప్తాడు: కత్తిసాము చూపించమని పిలిపించి, తక్కువ అంతస్తు వాడితో తలపడమంటే, ఆ అవమానానికి వీరభద్రుడు ప్రాణం తీసుకున్నాడట. నూనిజ్ ఇక్కడికి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు గడిచాయి కాబట్టి, నేను శాసనం వైపే మొగ్గుతాను.

దిగొచ్చాక ఊళ్ళో చెక్క గరిటెలు కొన్నాను. ఉదయగిరి పనితనం వీటిదే. ఆకు ఆకారంలో చెక్కిన పిడి, ఉలి గాట్లు చేతికి తగులుతున్నాయి. బేరమాడకుండా ఇచ్చేశాను, బస్సు హారన్ కొడుతోంది మరి.